మూడు ఊపిర్లు

పంటు ఇసుకలో దిగబడిపోయింది. బళ్ళనీ మనుషుల్నీ కలిపి గోదావరి దాటించే ఆ ఇనప పడవ సఖినేటిపల్లి నుంచి వస్తూ వస్తూ, మా అందరి కళ్ళ ముందే, నది మధ్యలో మేట దగ్గర ఆగి, కాసేపు నల్లటి పొగ వదిలి, అటూ ఇటూ పెనుగులాడి, ఆఖరికి ఇంజను ఆపేసుకుని కూర్చుంది. టిక్కెట్లిచ్చే ఆయన "పోటెక్కాలండి, ఓ గంట పట్టుద్దండి" అన్నాడు, పోటు తనింట్లో మనిషైనట్టు తాపీగా. గంట. నరసాపురం రేవులో సిమెంటు బల్ల మీద, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని గంటసేపు కూర్చోవాలి. నాకు ఆగడం చేతకాదు, పుట్టుకతోనే చేతకాదు, ఇడ్లీ ఉడికేలోపు రెండుసార్లు మూత తీసి చూసే మనిషిని, ఎదుటివాళ్ళ మాట పూర్తవకుండానే జవాబు చెప్పేసే మనిషిని. అందులోనూ ఇవాళ. గుండె నిబ్బరం చేసుకుని, పొద్దున్నే భీమవరంలో బస్సెక్కి, దారంతా ఒకే మాట వల్లెవేసుకుంటూ వచ్చాను. చిట్టియ్యా, నీ మీద నాకు కోపం లేదు, నిన్ను క్షమించాను. ఇంతే. ఇది చెప్పి, సంచీలో బత్తాయిలు అతని చేతిలో పెట్టి, మళ్ళీ ఇదే పంటు మీద వెనక్కి వచ్చెయ్యాలి. ఈ ఒక్క మాట నోటిదాకా రావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఇప్పుడు ఇంకో గంట.

చిట్టియ్య మా రొయ్యల చెరువు కాపలా మనిషి. పదకొండేళ్ళు గట్టు మీద పాకలోనే ఉన్నాడు, మేత చల్లేవాడు, కొంగల్ని తోలేవాడు, మా ఆయన కంటే ముందే ఆ నీళ్ళ రంగు చూసి ఇవాళ చెరువు బాగోలేదని చెప్పేవాడు. నాలుగేళ్ళ కిందట శ్రావణమాసం ముసురులో, మధ్యాహ్నం మూడింటికి, చూసుకోకుండా ఏరియేటర్ల స్విచ్ వేశాడు. నీళ్ళని చిలికి గాలి కలిపే ఆ చక్రాలు కరెంటు మీద తిరుగుతాయి. అప్పుడు మా ఆయన శ్రీనివాసరాజు రొమ్ముల లోతు నీళ్ళలో ఉన్నాడు, ఒక చక్రం తాడు తెగితే కట్టుకుంటూ, దాని చట్రం పట్టుకుని. కేబులు ఎక్కడో చితికి ఉంది. అందరికీ తెలిసిన సంగతి ఇంతే, ఎస్సైగారు రాసుకున్నదీ ఇంతే. నేను గట్టు మీదకి వెళ్ళేసరికి ఆయన్ని చాప మీద పడుకోబెట్టారు. నీళ్ళలో దూకి పైకి లాగింది చిట్టియ్యే, ఒళ్ళంతా బురదతో పక్కన నిలబడి ఉన్నాడు, నేను ఆయన దగ్గరికి కాదు, ముందు చిట్టియ్య దగ్గరికి వెళ్ళాను. చెంప మీద కొట్టాను. ఒకటి కాదు. అరవయ్యేళ్ళ మనిషి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, మొహం తిప్పుకోలేదు. "వీడే చంపాడు" అన్నాను, గట్టు మీద ఉన్నవాళ్ళంతా విన్నారు. ఆ తరవాత ఆ చుట్టుపక్కల ఏ చెరువు మీదా అతన్ని పనిలో పెట్టుకోలేదు. గోదావరి అవతల కూతురు బేబీ దగ్గరికి వెళ్ళిపోయాడని విన్నాను, విని, పీడా పోయింది అనుకున్నాను.

నిన్న ఆ బేబీయే ఫోను చేసింది. "నాన్న మంచం మీదున్నాడండి, మూడు నెలలైందండి, పక్షవాతమండి. మిమ్మల్నే కలవరిత్తన్నాడండి. ఒక్కసారి రాగలరేమోనండి అమ్మగారండీ" అంది. గొంతులో ఏడుపు లేదు, బతిమాలడమూ లేదు, అలిసిపోయిన మనిషి గొంతు. వస్తానన్నాను. ఫోను పెట్టేశాక నాకు నేను గొప్పగా కనిపించాను, నిజం చెప్పొద్దూ. చూశారా టీచరుగారూ, నేర్చుకున్నాను కదా, అనుకున్నాను.

టీచరుగారంటే దేవకుమారిగారు. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యారు, ఆదివారం పొద్దున వాళ్ళ మేడ మీద పదిమందిని కూర్చోబెట్టి బుద్ధుడి ధ్యానం నేర్పుతారు. ఆవిడ పుట్టింది లూథరన్ చర్చి పక్క ఇంట్లో, ఇప్పటికీ పాట ఎత్తుకుంటే చర్చి పాటలాగే ఉంటుంది. ఆయన పోయిన ఏడాదికి, నిద్ర మాత్రలు పనిచెయ్యక, ఎవరో చెబితే వెళ్ళాను. మొదటి రోజే చెప్పేశాను, నాకు శాంతీ గీంతీ అక్కర్లేదండి, నాకు ఒకడి మీద కోపం ఉంది, అది పోకపోతే నేను బతకలేను, దానికేదైనా ఉంటే చెప్పండి అని. ఆవిడ నవ్వలేదు. "కోపం వచ్చినప్పుడు వచ్చిందని తెలుసుకోండమ్మా. తెలిశాక మూడు ఊపిర్లు ఆగండి. ఆ మూడూ అయ్యాక కూడా తిట్టాలనిపిస్తే తిట్టండి, నేనేం అనను" అన్నారు. ఇంతేనా అనిపించింది. దీనికోసమా ఆటో ఎక్కి వచ్చాను. కానీ చేశాను. నేను పనిచేసేది ఆక్వా ల్యాబులో, చెరువు నీళ్ళు పరీక్ష చేస్తాం, అక్కడ భవ్య అని కొత్తమ్మాయి ఉంది, గాజు సామాను పగలగొట్టడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. ఒకటి, రెండు, మూడు. మూడయ్యేసరికి ఆ పిల్ల చేతులు వణకడం కనిపించేది. అంతకుముందు పగిలిన సీసా ఒక్కటే కనిపించేది నాకు. ఆటోవాడు, కరెంటాఫీసు గుమాస్తా, మా ఆడపడుచు, అందరి మీదా మూడేసి ఊపిర్లు ఖర్చుపెట్టాను. నువ్వు మారిపోయావే అని మా ఆడపడుచు కూడా అంది, అనుమానంగానే అనుకోండి.

ఇదిగో, పక్కన కూర్చున్న పెద్దమనిషి ఫోనులో ఏవో వీడియోలు పెట్టుకున్నాడు, రేవంతటికీ వినపడేలా. ఎవరో పెద్దగా నవ్వుతున్నారు, మళ్ళీ మళ్ళీ అదే నవ్వు. ఏమండీ, ఇది మీ పడగ్గది కాదు, అని నాలిక చివరిదాకా వచ్చింది. ఒకటి. నీళ్ళ మీద నుంచి గాలి, చేపలవాసన, డీజిలు. రెండు. ఆయన వేళ్ళకి కట్టు ఉంది, ఫోను ఆ చేత్తో పట్టుకోలేక ఒళ్ళో పెట్టుకున్నాడు. మూడు. సరే, నవ్వుకోనీ. అవతల పంటు మీద ఇరుక్కున్న జనం రెయిలింగుకి ఆనుకుని ఇటే చూస్తున్నారు, ఒక పెళ్ళివాళ్ళ కారు, దానికి కట్టిన బంతిపూల దండలు ఎండకి వాడిపోతున్నాయి. పోటు ఇంకా రాలేదు. రేవు మెట్ల మీద తడి గీత కిందే ఉంది.

కూర్చున్న చోటే మైత్రి భావన చేసుకుందామనుకున్నాను. టీచరుగారు చెప్పిన వరస ఉంది దానికి. ముందు మనకి మనం మంచి కోరుకోవాలి, తరవాత మనకి ఇష్టమైనవాళ్ళకి, తరవాత ముక్కూమొహం తెలియనివాళ్ళకి, ఆఖరికి మనకి కోపమున్నవాళ్ళకి. నేను సుఖంగా ఉండాలి, భయం లేకుండా ఉండాలి. ఇది గబగబా అనేస్తాను ఎప్పుడూ, బస్సులో కండక్టరు కేకలా. అనేసి రెండోదానికి వెళ్ళిపోతాను. దేవకుమారిగారు ఒకసారి పట్టుకున్నారు. "మీ దగ్గర మీరు ఎందుకు ఆగరమ్మా?" అన్నారు. నాకోసం నేను కోరుకోవడం స్వార్థం కదండీ అన్నాను. ఆవిడ నా వంక ఒక చూపు చూసి, పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ చూపుకి ఆ వారమంతా ఆవిడ మీద కోపంగా ఉంది నాకు.

రెండోది ఆయన. పోయినవాళ్ళకి కూడా మంచి కోరుకోవచ్చో లేదో నాకు తెలీదు, కోరుకుంటాను. కళ్ళు మూసుకుంటే ఆయన చొక్కా గుండీల మధ్య సీసా పెట్టుకుని ల్యాబు గుమ్మంలోకి వస్తాడు. చెరువు నీళ్ళ సీసా. ఊళ్ళో ఉన్న చెరువులన్నిటి నీళ్ళూ కుర్రాళ్ళు పట్టుకొస్తే మా చెరువువి మాత్రం ఈయనే మోటారుసైకిలు మీద తెస్తాడు. "డాక్టరుగారూ, మా పిల్లల రక్తపరీక్ష కాస్త త్వరగా చూడండి, ఆయాసపడుతున్నారు" అంటాడు, అందరి ముందూ. పిల్లలంటే రొయ్యలు, మాకు పిల్లలు లేరు. ఆ మాట వేరేవాళ్ళ నోట వింటే పొడిచినట్టుండేది, ఆయన నోట నవ్వొచ్చేది. ఆ రోజు కూడా తెచ్చాడు. వాన. ఎర్ర తువ్వాలు తలకి చుట్టుకుని ఉన్నాడు. అన్నం తిని వెళ్ళమన్నాను, క్యారేజీ అక్కడే ఉంది, వంకాయ కూర. "ఒక చక్రం తాడు తెగింది, అది కట్టేసి సాయంత్రం తింటాను" అన్నాడు. తినలేదు. ఆ క్యారేజీ వారం తరవాత తెరిచాను.

ఆ ఎర్ర తువ్వాలు. అది తలకి చుట్టుకునేది కాదు. మనిషి నీళ్ళలోకి దిగేముందు స్టార్టరు డబ్బాకి ఎర్ర తువ్వాలు కట్టాలి, కట్టి ఉన్నంతసేపూ స్విచ్ ఎవరూ ముట్టుకోకూడదు, అది మా గట్టు మీద పెట్టుకున్న కట్టడి, పెట్టిందీ ఆయనే. చిట్టియ్య ఒకసారి కట్టడం మర్చిపోతే రెండు రోజులు మాట్లాడలేదు. అలాంటిది, చిట్టియ్య మేత బస్తాలకి ఊళ్ళోకి వెళ్ళాడు, గట్టు మీద ఎవరూ లేరు, ఇంక స్విచ్ వేసేదెవరు, వాన పడుతోంది, అని తువ్వాలు తల మీదే ఉంచుకుని దిగిపోయాడు. తల తడిస్తే ఏమయ్యేదండీ. జలుబు చేసేది. మిరియాల పాలు కాచి ఇచ్చేదాన్ని. చూడండి, ఇష్టమైనవాళ్ళ దగ్గర మొదలుపెట్టి ఆయన్నే తిడుతున్నాను.

ముక్కూమొహం తెలియనివాళ్ళ కింద పక్కన ఫోను పెద్దమనిషిని వేసుకున్నాను. మీ వేళ్ళ నొప్పి తగ్గాలి, మీరు సుఖంగా ఉండాలి. సులువుగా అయిపోయింది. నాలుగోది చిట్టియ్య. మూడేళ్ళుగా రోజూ ఈ నాలుగో మనిషి దగ్గరే మాట ఆగిపోయేది, ఈమధ్యనే కాస్త సాగుతోంది. చిట్టియ్య సుఖంగా ఉండాలి. చిట్టియ్య భయం లేకుండా ఉండాలి. బాగానే ఉంది, మాట ఆగలేదు. అతని మొహం గుర్తుతెచ్చుకోవాలి, టీచరుగారు మొహం చూడమంటారు. గట్టు మీద, బురద, నా చేతి దెబ్బ, ఆ కళ్ళు. ఆ కళ్ళలో ఏముందో చూడు. భయం. భయం కాదు. నన్ను తిట్టు అన్నట్టు ఉన్నాయా, కాదు, చాప మీదున్న ఆయన్ని అందరూ చూసినట్టే అతను నన్ను చూశాడు, జాలిగా. ఎందుకు జాలి. మొగుడు పోయాడు కాబట్టి. కాదు. చెప్పు. ఎందుకు. ఇక్కడికొచ్చాక నేను ఎప్పుడూ కళ్ళు తెరిచేస్తాను, మోకాలు నొప్పనో, గ్యాసు మీద పాలున్నాయనో. ఇక్కడ గ్యాసు లేదు. పంటు లేదు. ఎక్కడికి వెళ్ళడానికీ లేదు.

ఫోను. నేను ఫోను చేశాను.

ఆయన తెచ్చిన సీసా పక్కన పెట్టి ముందు వచ్చినవాళ్ళవి చేసుకుంటూ కూర్చున్నాను, మూడింటికి గానీ మా వంతు రాలేదు. నీళ్ళలో మందు వేస్తే నీలం రంగు తిరుగుతుంది, ఆ నీలం పోయేదాకా చుక్కలు లెక్కపెట్టాలి, ఎన్ని చుక్కలు పడితే అంత ఊపిరి ఉన్నట్టు. గబుక్కున పోయింది నీలం. మళ్ళీ చేశాను, అంతే. చెరువు ఊపిరి అయిపోతోంది. ఆయనకి చేశాను, ఎత్తలేదు. మళ్ళీ, మళ్ళీ. చొక్కా విప్పి పాకలో మేకుకి తగిలించి దిగాడని, ఫోను ఆ జేబులో మోగుతోందని నాకెలా తెలుస్తుంది. మూడోసారికి కోపం నషాళానికి అంటింది. ముసురు రోజున చక్రాలు ఆపుకుని ఏం చేస్తున్నారు వీళ్ళు. చిట్టియ్యకి చేశాను. అప్పుడే బస్తాలతో వచ్చాడట, ఆయాసపడుతున్నాడు. "ఏంటి చిట్టియ్యా, చక్రాలన్నీ ఆపేసి నిద్రపోతున్నారా? ముందు స్విచ్ వెయ్యి" అన్నాను. "ఆయ్, రాజుగారెక్కడున్నారో చూసొచ్చి ఏత్తానండి, తువ్వాలైతే లేదు గానండి, ఓసారి..." అన్నాడు. "నువ్వు చూసొచ్చేలోపు రొయ్యలన్నీ పైకి తేలతాయి. తువ్వాలు లేదు కదా, ఇంకేం చూస్తావు? వెయ్యమంటే వెయ్యి!" అన్నాను. "ఆయ్" అన్నాడు. ఫోనులోనే చప్పుడు వినిపించింది, స్టార్టరు పడ్డ చప్పుడు. హమ్మయ్య అనుకున్నాను. హమ్మయ్య అనుకుని ఫోను పెట్టేశాను నేను.

గట్టు ఈ చివర నుంచి ఆ చివరికి కళ్ళు తిప్పి చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? మూడు ఊపిర్లు. అతను ఆగుతానన్నాడు. అతనికి ఎవరూ నేర్పలేదు, మేడ మీద ఆదివారాలు కూర్చోలేదు, ఆగుతానన్నాడు. నేనే ఆగనివ్వలేదు. రొయ్యల ఊపిరి కోసం కేకలేశాను.

ఇంకా ఉంది. మొదలుపెట్టాను కదా, అదీ చెప్పుకోవాలి. ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో, పోస్టుమార్టానికి తీసుకెళ్ళారు, నేను బెంచీ మీద ఉన్నాను, ఎవరో సోడా తెచ్చారు, ఎస్సైగారు లోపల చిట్టియ్యతో మాట్లాడుతున్నారు. నేను ఫోను తీసి, చిట్టియ్య పేరు మీద వేలు పెట్టి, మూడింటికి నేను చేసిన ఆ కాల్ చెరిపేశాను. ఫోను సంచీలో పడేశాను. ఎస్సైగారు బయటికొచ్చి, "ఒప్పుకున్నాడమ్మా, రొయ్యలు తేలుతున్నాయని తనే తొందరపడి వేశానంటున్నాడు" అన్నారు. తనే. ఎవరో చెబితే కాదు, తనే. ఆ మాట విని నాకు ఆశ్చర్యం కూడా కలగలేదు, అంత గట్టిగా నమ్మాలనిపించింది. ఆ రాత్రి నుంచీ నమ్మాను. అతన్ని తిట్టిన ప్రతిసారీ ఇంకాస్త నమ్మాను. నా కోపానికి అంత తిండి దొరికింది ఆ అబద్ధంలోనే. నేను అతన్ని క్షమించడానికి బత్తాయిలు కొనుక్కుని బయల్దేరాను!

"మేడమ్, లెగండి, వచ్చేసింది" అని పక్కన పెద్దమనిషే తట్టి లేపాడు. కళ్ళు తుడుచుకోకుండానే లేచాను, ఆయన చూసి ఫోను కట్టేశాడు. పోటు ఎక్కింది, మెట్ల మీద రెండు వరసలు మునిగాయి. పెళ్ళికారు దిగింది, మేం ఎక్కాం. వెనక్కి వెళ్ళిపోవచ్చు, బస్సులు ఉన్నాయి. బేబీకి ఫోను చేసి పంటు ఆగిపోయిందమ్మా ఇంకో రోజు వస్తానంటే, ఆ పిల్ల ఆయ్ అలాగేనండి అంటుంది, తండ్రి పోలికే. ఈ రేవులో ఏడ్చి, ఇంటికెళ్ళి, రేపు పొద్దున మళ్ళీ నాలుగో మనిషికి సుఖం కోరుకుంటూ కూర్చోవచ్చు, ఎవరికీ తెలీదు. తెలిసినవాడు చెప్పడు. నాలుగేళ్ళూ చెప్పలేదు. రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. నది మధ్యలో గాలి ఎక్కువైంది. మా ఆయన మీద కోపం లేదు ఇప్పుడు, చిట్టియ్య మీద లేదు, ఎవరి మీదా లేదు, ఇన్నాళ్ళూ దీనికోసమే కదా చేశాను, ఇది ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. చాలా చలిగా ఉంది. ఆయన కావాలి నాకు. "సాయంత్రం తింటాను" అన్న మనిషి కావాలి.

అవతలి రేవులో బేబీ స్కూటీ పక్కన నిలబడి ఉంది. నలభై దాటలేదు, జుట్టు ముందంతా తెల్లబడింది. నమస్కారం పెట్టి, నా సంచీ అందుకుని, "గంట నుంచి ఎండలో కూకున్నారా అమ్మగారండీ" అంది, నేనేదో దేవతనైనట్టు. నాన్న ఎలా ఉన్నాడని అడిగాను. "నిన్నట్నుంచి మాట సరిగా లేదండి. కళ్ళు మూసుకుని ఒకటే మాటండి, ఎస్సైగారితో చెప్తన్నట్టు. అమ్మగారు నాకు ఫోను చెయ్యలేదండి, ఎవరూ చెయ్యలేదండి, అంటాడండి. అన్నం పెడతన్నా అదే." సంచీ స్కూటీకి తగిలించి నా వైపు తిరిగింది. "ఏ ఫోనండి అమ్మగారూ?"

ఒకటి. పంటు దిగిన బళ్ళు మమ్మల్ని దాటుకుని పోతున్నాయి. రెండు. ఆ పిల్ల కళ్ళు అచ్చం అవే. మూడు.

"నేను చేశాను బేబీ. ఆయన ఎక్కడున్నారో చూసొచ్చి వేస్తానన్నాడు మీ నాన్న. నేను చూడనివ్వలేదు. వెయ్యమని కేకలేసింది నేను. ఎస్సైగారికి చెప్పకుండా దాచిందీ నేనే."

తిడుతుందనుకున్నాను. కొట్టినా చెయ్యి అడ్డం పెట్టుకోకూడదనుకున్నాను. బేబీ స్కూటీ సీటు మీద చెయ్యి ఆనించి, నీళ్ళ వైపు తిరిగింది. ఎవరితోనో అన్నట్టు అంది, "నాలుగేళ్ళండి. కళ్ళుండి చూసుకోకుండా ఓ మనిషిని చంపేశావని రోజూ తిట్టానండి మా నాన్నని. నా పిల్లల్ని చెరువు వైపు తీసుకెళ్తానంటే, నీతో పంపనని మొహం మీదే అన్నానండి. తల వంచుకుని అన్నం తినేవాడండి. ఒక్క మాట అనలేదండి."

ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకోబోయాను, వెనక్కి తీసుకుంది. కొంగుతో మొహం తుడుచుకుని బండి స్టార్టు చేసింది. "ఎక్కండి. ఈ ఏళప్పుడు కాసేపు తెలివొత్తాదండి. నాకు చెప్పింది మా నాన్నకి చెప్పండి. పిల్లలు కూడా ఉంటారు, ఆళ్ళ ముందే చెప్పండి" అంది, నా వంక చూడకుండా. వెనక కూర్చున్నాను. రోడ్డు పక్క కొబ్బరిచెట్లు, కాలవ, చెరువుల మీద తిరుగుతున్న చక్రాల చప్పుడు. బేబీ భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తోంది, ఏడుస్తూనే గుంతలు తప్పించి నడుపుతోంది, నేను పడిపోకుండా. నాకోసం కోరుకోవాల్సిన మొదటి మాట ఇవాళ కూడా నోట రాలేదు. చిట్టియ్య మెలకువగా ఉండాలి. నా మాట చిట్టియ్యకి వినపడాలి. వినపడితే అతను ఏమంటాడో నాకు తెలుసు, లేదండి అమ్మగారు, మీరు ఫోను చెయ్యలేదండి, అంటాడు. మనవల ముందు, కూతురి ముందు, అప్పటికీ అదే అంటాడు.